గేరు పడకపోతే ముందుగా చూడవలసింది స్క్రూలను కాదు: మౌంటెన్ బైక్ చైను, గేర్లపై అపోహలు - వాస్తవాలు

మౌంటెన్ బైక్‌ను సర్వీసుకు తెచ్చేవారు ఎక్కువగా చెప్పే మాట, "గేర్లు సరిగ్గా పడటం లేదు, కాస్త ట్యూన్ చేయండి" అని. ట్యూన్ చేయడమంటే వారి దృష్టిలో వెనుక డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) మీదున్న రెండు చిన్న స్క్రూలను తిప్పడం. తీరా బైకును స్టాండుకు ఎక్కించి చూస్తే ఆ స్క్రూల తప్పేమీ ఉండదు. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగి ఉంటుంది, లేదా కేబుల్‌లో మట్టి చేరి ఉంటుంది, లేదా చైను అరిగిపోయి ఉంటుంది. పైగా అప్పటికే ఎవరో ఆ స్క్రూలను తిప్పేసి ఉంటే ఒక సమస్య రెండవుతుంది. గేర్లు సరిచేసే పనిలో స్క్రూడ్రైవర్ వంతు చివరిదని నా గట్టి నమ్మకం. అంతకుముందు చూడవలసినవాటి గురించి, వాటి చుట్టూ అల్లుకున్న అపోహల గురించి ఈ వ్యాసం.

అపోహ: గేరు సరిగ్గా పడకపోతే హెచ్, ఎల్ స్క్రూలు తిప్పాలి.

వాస్తవం: డిరైలర్ మీదున్న ఆ రెండు స్క్రూలూ హద్దులు మాత్రమే. చైను అతి చిన్న పళ్ల చక్రం దాటి ఫ్రేము వైపు పడిపోకుండా హెచ్ స్క్రూ ఆపుతుంది. అతి పెద్ద చక్రం దాటి చువ్వల్లోకి పోకుండా ఎల్ స్క్రూ ఆపుతుంది. 12 గేర్ల క్యాసెట్‌లో (వెనుక పళ్ల చక్రాల సమూహం) మధ్యనున్న 10 గేర్లతో వాటికి సంబంధమే లేదు. ఒకసారి సరిగ్గా అమర్చాక, వెనుక చక్రమో హ్యాంగరో డిరైలరో మారితే తప్ప వాటిని ముట్టుకోనక్కరలేదు.

మధ్య గేర్లు కుదిరేది కేబుల్ బిగువును బట్టి. దాన్ని సవరించడానికి బ్యారెల్ అడ్జస్టర్ అనే చేత్తో తిప్పే మర ఉంది, మౌంటెన్ బైకుల్లో సాధారణంగా హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ దగ్గరే ఉంటుంది. పెద్ద చక్రం మీదికి ఎక్కడానికి చైను తటపటాయిస్తుంటే బిగువు చాలడం లేదన్నమాట. అడ్జస్టర్‌ను బయటికి విప్పే దిశలో పావు చుట్టు తిప్పి చూడండి. చిన్న చక్రం వైపు దిగడానికి మొరాయిస్తుంటే మాత్రం వెంటనే బిగువు తగ్గించేయకండి. ఎక్కేటప్పుడు కేబుల్‌ను లాగేది మీ బొటనవేలు, దిగేటప్పుడు లాగేది డిరైలర్‌లోని స్ప్రింగు ఒక్కటే. కేబుల్ ఔటర్‌లో, అంటే తీగ పైతొడుగులో, మట్టి, తుప్పు చేరి రాపిడి పెరిగితే ముందుగా ఆ ప్రభావం పడేది స్ప్రింగు మీదే. కేబుల్‌ను డిరైలర్ దగ్గర విప్పి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగండి. ఎక్కడైనా గరగరమన్నా, పట్టేసినట్టు అనిపించినా ఇన్నర్ (లోపలి తీగ), ఔటర్ రెండూ మార్చాలి. ఇన్నర్ ఒక్కటే మారిస్తే పాత ఔటర్‌లోని మట్టి కొత్త తీగను కూడా పాడుచేస్తుంది. ఇంకో సంగతి, గేరు ఔటర్, బ్రేకు ఔటర్ ఒకటి కాదు. గేరు ఔటర్‌లో ఉక్కు తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి, బ్రేకు ఔటర్‌లో తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది. బ్రేకు ఔటర్‌ను గేర్లకు వాడితే అది ప్రతి నొక్కుకూ కుదించుకుపోతుంది, ఇక గేర్లు ఎప్పటికీ కుదురుకోవు. గేరు ఔటర్‌ను బ్రేకుకు వాడటం మాత్రం ప్రమాదకరం. ఆ ఒత్తిడికి అది చీలిపోవచ్చు.

అపోహ: బైకు ఎప్పుడూ కింద పడలేదు, కాబట్టి హ్యాంగర్ వంగదు.

వాస్తవం: డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఆ చిన్న అల్యూమినియం ముక్కను మెత్తగా చేయడం వెనుక ఉద్దేశం ఉంది. దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము బదులు అది వంగాలి లేదా విరగాలి. అందుకే కింద పడనక్కరలేదు. కారులో కుడివైపుకు పడుకోబెట్టినా, ఇంకో సైకిల్ దాని మీద వాలినా, దారిలో ఒక కొమ్మ డిరైలర్‌కు తగిలినా చాలు.

పాత 8 గేర్ల క్యాసెట్‌లో ఒక చక్రానికీ పక్క చక్రానికీ మధ్య దూరం 4.8 మిల్లీమీటర్లు. 12 గేర్ల క్యాసెట్‌లో అది సుమారు 3.6 మిల్లీమీటర్లే. పాత బైకు ఓర్చుకున్న వంపును కొత్త బైకు ఓర్చుకోలేదు. ఇది హ్యాంగర్ సమస్యే అనడానికి ఒక మంచి గుర్తు ఉంది. చిన్న చక్రాల దగ్గర గేర్లు కుదిరేలా సవరిస్తే పెద్ద చక్రాల దగ్గర చెదురుతాయి, అక్కడ కుదిర్చితే ఇక్కడ చెదురుతాయి. ఎంతసేపు అడ్జస్టర్ తిప్పినా ఈ దోబూచులాట ఆగదు.

కంటితో చూసి "నిటారుగానే ఉంది" అనుకోవడం చాలదు. దీనికి హ్యాంగర్ గేజ్ ఉంటుంది. డిరైలర్ విప్పి, ఆ మరలోనే గేజ్ బిగించి, దాని చేతిని చక్రం చుట్టూ నాలుగు చోట్ల రిమ్ముకు దగ్గరగా పెట్టి దూరం పోల్చాలి. తేడా 4 మిల్లీమీటర్లకు మించకూడదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. పెట్టెలోంచి తీసిన కొత్త హ్యాంగర్‌నైనా గేజ్ పెట్టి చూడకుండా నమ్మకూడదు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారపు హ్యాంగర్ ఉండే గందరగోళం తగ్గడానికి స్రామ్ సంస్థ 2019లో యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్‌ను తెచ్చింది. అదే చోట హ్యాంగర్ లేకుండా నేరుగా ఇరుసు దగ్గరే బిగించే డిరైలర్లు 2023లో వచ్చాయి. వాటికి హెచ్, ఎల్ స్క్రూలు కూడా లేవు. మీ బైకుకు మామూలు హ్యాంగరే ఉంటే, సరిపోయేది ఒకటి కొని సంచిలో పెట్టుకోండి. అడవి దారి మధ్యలో అది విరిగితే దాని విలువ తెలుస్తుంది.

అపోహ: చైను తెగేదాకా వాడుకోవచ్చు.

వాస్తవం: చైను తెగడం అరుదు. అరగడం మాత్రం మొదటి రోజు నుంచే మొదలవుతుంది. పలకలు సాగవు. పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే లోపలి అంచులూ అరిగి, ఒక పిన్నుకూ ఇంకో పిన్నుకూ మధ్య దూరం పెరుగుతుంది. కొత్త చైనులో ఆ దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అర అంగుళం. ఒక పిన్ను నుంచి దాని తర్వాతి 24వ పిన్ను వరకు కొలిస్తే 304.8 మిల్లీమీటర్లు రావాలి. అది 306.3 దాటిందంటే అరుగుదల 0.5 శాతం. 11, 12 గేర్ల చైనును ఆ దశలోనే మార్చాలి. 10 గేర్లు, అంతకు తక్కువ ఉన్నవాటికి 0.75 శాతం వరకు ఆగవచ్చు. స్కేలుతో కష్టమనుకుంటే చైను చెకర్ అనే చిన్న పనిముట్టు ఉంది, క్షణాల్లో చెబుతుంది.

ఒకటిన్నర మిల్లీమీటరుకు ఇంత పట్టింపు ఎందుకంటే, దూరం పెరిగిన చైను పళ్ల మొదట్లో కూర్చోకుండా కొసల వైపు ఎక్కి, క్యాసెట్‌ను తన కొలతకు అరగదీస్తుంది. ఆ తర్వాత కొత్త చైను వేసినా ఆ పళ్లకు పట్టు దొరకదు. గట్టిగా తొక్కగానే ఎగిరి జారుతుంది, అదీ మీరు ఎక్కువగా వాడే రెండు మూడు చక్రాల మీదే. అప్పుడు మెకానిక్ క్యాసెట్ మార్చాలంటే అది అనవసరపు ఖర్చు పెట్టించడం కాదు. చైనును సకాలంలో మారుస్తూ వస్తే ఒక్క క్యాసెట్ మీద అనేక చైన్లు నడుస్తాయి. చైను ఖరీదుతో పోలిస్తే క్యాసెట్ ఖరీదు ఎన్ని రెట్లో చూసుకుంటే ఈ లెక్క ఎంత లాభమో అర్థమవుతుంది.

అపోహ: నూనె ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది.

వాస్తవం: చైనుకు నూనె కావలసింది లోపల, రోలరుకూ పిన్నుకూ మధ్య. బయట పలకల మీద మిగిలిన నూనె దుమ్మును పట్టుకుని నల్లటి ముద్దగా మారి ఆకురాయిలా పనిచేస్తుంది. ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడలు కాసేపు వెనక్కు తిప్పి, కొంతసేపు వదిలేసి, బయటిదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవడం కూడా ఈ పనిలో సగం. పొడి దారులకు పలచని డ్రై లూబ్, బురదకు, వానకు వెట్ లూబ్ నప్పుతాయి. మైనం పూయదలిస్తే ముందు చైను లోపలి జిడ్డంతా పోయేలా కడగాలి, లేకపోతే మైనం అంటుకోదు. మామూలు డబ్ల్యూడీ-40 తేమను తరిమేందుకు 1953లో తయారైన ద్రవం. పట్టేసిన బోల్టును వదిలించడానికి బాగుంటుంది గానీ, చైను మీద లూబ్‌లా నిలవదు. ఇక స్ప్రే డబ్బాతో చైనుకు నూనె కొడితే ఆ తుంపర్లు వెనుక బ్రేకు డిస్కు మీద పడతాయి. నూనె పీల్చిన బ్రేకు ప్యాడ్లు చాలాసార్లు మళ్లీ పనికిరావు. చుక్క చుక్కగా వేసే సీసానే వాడండి.

అపోహ: కొత్త బైకు గేర్లు కొన్ని వారాలకే చెదిరాయంటే అది నాసిరకం.

వాస్తవం: కాదు. ఔటర్ కొసలు వాటి టోపీల్లో కుదురుకునే కొద్దీ కేబుల్ కాస్త వదులవుతుంది. అడ్జస్టర్ కొంచెం తిప్పితే చాలు. మొదటి సర్వీసు త్వరగా చేయించమనడానికి ఇదొక కారణం.

అపోహ: ముందు మూడు చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు) ఉంటేనే నిటారు ఎత్తులు ఎక్కగలం.

వాస్తవం: లెక్క చూద్దాం. పాత మూడు రింగుల బైకులో అతి తేలికైన గేరు సాధారణంగా ముందు 22 పళ్లు, వెనుక 34 పళ్లు. నిష్పత్తి 0.65. ఇప్పుడు ముందు ఒక్క 32 పళ్ల రింగు, వెనుక 52 పళ్ల చక్రం ఉంటే నిష్పత్తి 0.62. అంటే కొత్తదే ఇంకా తేలిక. తగ్గేది పై వేగం దగ్గర. పాతదానిలో 42కు 11 పళ్లతో 3.8 వచ్చేది, కొత్తదానిలో 32కు 10 పళ్లతో 3.2 వస్తుంది. మట్టి దారిలో ఆ లోటు తెలియదు. తారు రోడ్డు మీద ఎక్కువ దూరాలు తొక్కేవారికి తెలుస్తుంది, వారు ఈ విషయం ఆలోచించుకోవాలి. ఒక్క రింగు మీద చైను ఊడకుండా ఉండటానికి ఒకటి వెడల్పు, ఒకటి సన్నంగా ఉండే పళ్లూ, చైనును ఊగనివ్వకుండా బిగువుగా ఉంచే డిరైలర్‌లోని క్లచ్చూ తోడయ్యాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. 10 పళ్ల చక్రం పాత షిమానో తరహా ఫ్రీహబ్ (వెనుక హబ్బులో క్యాసెట్ ఎక్కే భాగం) మీద కూర్చోదు. దానికి ఎక్స్‌డీ లేదా మైక్రో స్ప్లైన్ రకం ఫ్రీహబ్ కావాలి. క్యాసెట్ కొనేముందు హబ్ ఏమిటో చూడండి. అలాగే షిఫ్టరూ డిరైలరూ ఒకదానికొకటి సరిపోయేవే అయి ఉండాలి. ఒక్క క్లిక్కుకు షిఫ్టర్ లాగే తీగ పొడవు కంపెనీని బట్టి, ఒకే కంపెనీలోనూ తరాన్ని బట్టి మారుతుంది. షిమానో 9 గేర్ల మౌంటెన్ షిఫ్టర్ ఆ సంస్థ 10 గేర్ల మౌంటెన్ డిరైలర్‌తో కుదరదు. గేర్ల సంఖ్య కలిసినంత మాత్రాన భాగాలు కలవవు.

అపోహ: చైను పొడవు, బీ స్క్రూ పెద్ద పట్టించుకోవలసినవి కావు.

వాస్తవం: పెద్ద క్యాసెట్లు వచ్చాక ఇవే అన్నిటికన్నా ముఖ్యమయ్యాయి. డిరైలర్‌లోని పై పుల్లీకీ (చైను చుట్టి పోయే చిన్న చక్రం), క్యాసెట్‌లోని అతి పెద్ద చక్రానికీ మధ్య ఎడాన్ని బీ స్క్రూ నిర్ణయిస్తుంది. ఎడం ఎక్కువైతే గేరు నెమ్మదిగా, నీరసంగా పడుతుంది. తక్కువైతే పుల్లీ చక్రాన్ని రాసుకుంటుంది. తయారీదారు ఇచ్చే ప్లాస్టిక్ గేజ్‌తో దీన్ని కొలవాలి. వెనుక సస్పెన్షన్ ఉన్న బైకుల్లో, స్రామ్ ఈగల్ వంటి వ్యవస్థలకు, మనిషి కూర్చున్నప్పుడు సస్పెన్షన్ దిగే స్థితిలో కొలవాలి. స్టాండు మీద కొలిస్తే తప్పుడు లెక్క వస్తుంది.

చైను పొడవు విషయంలో పొరబాటు ఇంకా ఖరీదైనది. సస్పెన్షన్ కుదించుకున్నప్పుడు చాలా ఫ్రేముల్లో వెనుక ఇరుసు ముందు రింగు నుంచి దూరం జరుగుతుంది. చైను పొట్టిగా ఉంటే ఆ క్షణంలో డిరైలర్‌ను లాగి విరిచేస్తుంది. అందుకే షాక్‌లో గాలి తీసి, ఆ దూరం గరిష్ఠంగా ఉండే చోట ఫ్రేమును నిలిపి కొలవాలి. చైనును డిరైలర్ గుండా పోనివ్వకుండా ముందు రింగు, వెనుక అతి పెద్ద చక్రం చుట్టూ తిప్పి, దానిపైన తయారీదారు చెప్పినన్ని లింకులు కలపాలి. పాత చైను పక్కన పెట్టి అంతే పొడవు కత్తిరించడం, పాతది సరైన పొడవే అని తెలిసినప్పుడు మాత్రమే సరైన పద్ధతి.

అపోహ: ఎలక్ట్రానిక్ గేర్లకు సర్వీసు అక్కరలేదు.

వాస్తవం: కేబుల్ ఉండదు, అంతే. చైను అరుగుతుంది, హ్యాంగర్ ఉంటే వంగుతుంది, బ్యాటరీ ఛార్జి చేయాలి.

అపోహ: సర్వీసంటే ప్రెషర్ వాషర్‌తో కడిగి, నూనె వేసి, గాలి నింపడం.

వాస్తవం: ఆ ధార హబ్బుల్లోకి, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్‌లోకి, హ్యాండిల్ తిరిగే హెడ్‌సెట్‌లోకి నీటిని దూర్చి గ్రీజును పాడుచేస్తుంది. బకెట్టు, బ్రష్షు, మెల్లని నీటి ధార చాలు. మెరిసే బైకు చేతికిచ్చినవారిని చైను అరుగుదల ఎంత ఉంది, హ్యాంగర్‌కు గేజ్ పెట్టారా, కేబుల్ విప్పి చూశారా అని అడగండి. పని తెలిసినవారు ఆ ప్రశ్నలకు నొచ్చుకోరు, సంతోషిస్తారు.

మీరు కూడా "గేర్లు పడటం లేదు" అని వదిలేయకండి. ఏ చక్రం మీద, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, బలంగా తొక్కినప్పుడా ఊరికే తిప్పినప్పుడా, ఎప్పటి నుంచి, మధ్యలో దెబ్బేమైనా తగిలిందా అన్నది చెప్పండి. బలంగా తొక్కినప్పుడే జారుతుందంటే ముందు చైను, క్యాసెట్ కొలుస్తాం. దిగేటప్పుడే ఆలస్యమంటే కేబుల్ చూస్తాం. కొన్నిచోట్ల కుదిరి కొన్నిచోట్ల కుదరడం లేదంటే హ్యాంగర్‌కు గేజ్ పెడతాం.