పింక్ స్లిప్ ఉంటే ఇంజిన్ బాగున్నట్టేనా? పీ ప్లేట్ పిల్లల కార్లపై అపోహలు - వాస్తవాలు

సిడ్నీలో, అందులోనూ వెస్ట్‌మీడ్, టూంగాబీ వైపు, మన పిల్లలకు రెడ్ పీ (కొత్త డ్రైవర్ల మొదటి ప్రొవిజనల్ లైసెన్సు, కారుకి పీ ప్లేట్ పెట్టుకుని నడపాలి) వచ్చిందంటే చాలు, ఇంట్లో సెకండ్ హ్యాండ్ కారు వేట మొదలవుతుంది. కొనేశాక నా వర్క్‌షాపుకి తెస్తారు. "పింక్ స్లిప్ మొన్ననే అయిందన్నా, ఒకసారి అలా చూసిపెట్టు" అంటారు. పింక్ స్లిప్ అంటే రిజిస్ట్రేషన్ కోసం చేసే సేఫ్టీ తనిఖీ కాగితం. కొనకముందు తెచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

అపోహ: పింక్ స్లిప్ పాసైతే ఇంజిన్ బాగున్నట్టే.

కానే కాదు. పింక్ స్లిప్‌కి మేం చూసేది బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, లైట్లు, సీటు బెల్టుల లాంటివి. బండి రోడ్డెక్కితే ఎవరికీ ప్రమాదం ఉండకూడదు, అక్కడితో సరి. టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే గొలుసు) సాగిందా, ఇంజిన్ లోపల ఆయిల్ ఎలా ఉంది, గేర్‌బాక్స్ ఇంకెన్నాళ్ళు వస్తుంది అన్నవి ఆ కాగితం చెప్పదు.

ఈమధ్య ఒక తండ్రీకొడుకులు చిన్న హ్యాచ్‌బ్యాక్ తెచ్చారు. అరవై వేల కిలోమీటర్లే తిరిగింది, ఎవరో పెద్దావిడ షాపింగుకి మాత్రమే వాడారట. ఆయిల్ మూత విప్పి చూపించాను. లోపలివైపు తారులా పేరుకుపోయి ఉంది, గోటితో గీకితే ముద్దగా వచ్చింది. లాగ్‌బుక్‌లో, అంటే సర్వీసుల పుస్తకంలో, చివరి స్టాంపు నాలుగేళ్ళ కిందటిది. తక్కువ తిరిగిన బండి మంచిదని అందరూ అనుకుంటారు. దగ్గర దగ్గర ట్రిప్పులకే వాడితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, తేమ, పెట్రోలు ఆయిల్లోనే ఉండిపోతాయి. సర్వీసు గడువులో కిలోమీటర్లతో పాటు నెలలు కూడా రాసేది అందుకే. ఆ అబ్బాయి కెఫేలో పనిచేసి కూడబెట్టిన డబ్బంతా ఆ కారులోనే పెట్టాడు. మూత వైపే చూస్తూ నిలబడిపోయాడు, నాకు చాలా బాధేసింది. ప్రైవేటుగా కొన్నారు కాబట్టి వారంటీ కూడా లేదు. డీలర్ దగ్గరైతే పదేళ్ళలోపు, 1,60,000 కి.మీ. లోపు కారుకి 3 నెలలు లేదా 5,000 కి.మీ. వరకు చట్టప్రకారం వారంటీ ఉంటుంది.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని వచ్చేయండి. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి క్షణాల్లో గలగలమంటే టైమింగ్ చైన్ మీద అనుమానపడాల్సిందే. లాగ్‌బుక్ లేదంటే బేరం కూడా ఆడకండి. పీపీఎస్ఆర్ (బండి మీద అప్పులు, చరిత్ర చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్) చెక్‌కి 2 డాలర్లే. ఫైనాన్స్ బాకీ ఉందా, రైట్ ఆఫ్ (బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ వాళ్ళు పక్కన పెట్టేయడం) అయిందా, దొంగ బండా తెలిసిపోతుంది. మీ మెకానిక్‌తో చూపించుకుంటామంటే వద్దనేవాళ్ళ దగ్గర కొనొద్దు.

అపోహ: పీ ప్లేట్‌తో టర్బో ఇంజిన్ కారు నడపకూడదు.

వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్న పాత రూలు ఇది. 2014 ఆగస్టు నుంచి మన న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చూసేది ప్రధానంగా పవర్‌కీ బరువుకీ ఉన్న నిష్పత్తి, టన్నుకి 130 కిలోవాట్లు దాటకూడదు. ఏడో తరం గోల్ఫ్ జీటీఐ టర్బోనే. పవర్ 162 కిలోవాట్లు, బరువు 1,300 కిలోల పైచిలుకు, అంటే టన్నుకి 125 లోపే. ఇంజినీరు సర్టిఫికెట్ కావాల్సినంతగా ఇంజిన్ మార్చిన కారు మాత్రం వద్దు. నిషేధించిన కారుతో పట్టుబడితే 7 డీమెరిట్ పాయింట్లు (తప్పులకి లైసెన్సు మీద పడేవి), రెడ్ పీ వాళ్ళ లైసెన్సు 4 పాయింట్లకే సస్పెండ్ అవుతుంది. ఏ మోడల్ అయినా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు.

అపోహ: చిన్న ఇంజినైతే పిల్లలకి సేఫ్.

ఇంజిన్ సైజు ప్రాణం కాపాడదు. స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారిపోకుండా అదుపులో ఉంచేది), కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (పక్క కిటికీల వైపు తెరుచుకుని తలని కాపాడేవి) ఉన్నాయా చూడండి. 2013 నవంబరు నుంచి ఆస్ట్రేలియాలో అమ్మే ప్రతి కొత్త ప్యాసింజర్ కారుకీ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి.

అపోహ: గ్రీన్ స్లిప్ ఉంది, ఇన్సూరెన్స్ అయిపోయినట్టే.

గ్రీన్ స్లిప్ అంటే రిజిస్ట్రేషన్‌కి తప్పనిసరిగా తీసుకునే ఇన్సూరెన్స్, అది మనుషుల గాయాలకే. ఎదుటివాళ్ళ కారుకి సొట్టపడితే మీ జేబులోంచే. కనీసం థర్డ్ పార్టీ ప్రాపర్టీ (ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి) ఇన్సూరెన్స్ తీసుకోండి, నడిపేది అబ్బాయైతే పాలసీలో అబ్బాయి పేరే రాయించండి. ప్రీమియం ఎక్కువైనా సరే, నాన్న పేరు పెట్టి తగ్గించుకుంటే క్లెయిమ్ నాడు ఇబ్బంది పడతారు.