లాగిన్ వచ్చేదాకా తెర ఎందుకు నల్లగా ఉంటుంది?

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొని, మారతహళ్లి పీజీ గదిలో డెస్క్‌టాప్‌కి బిగించుకునే మన కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరికి ఒక వింత ఎదురవుతుంది. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. పక్క మంచం మీద నుంచి "బోర్డు పోయింది అన్నా" అని తీర్పు వచ్చేస్తుంది. అంతలో ఏమీ జరగనట్టు లాగిన్ పేజీ ప్రత్యక్షం! కంపెనీ లోగో రాలేదు, ఏ సిస్టమ్ లేపాలో అడిగే లినక్స్ వాళ్ల గ్రబ్ మెనూ రాలేదు.

బోర్డూ పోలేదు, కార్డూ పోలేదు. స్విచ్ వేసినప్పటి నుంచి లాగిన్ దాకా తెర బాధ్యత అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ డ్యూటీలా చేతులు మారుతూ ఉంటుంది. ముందు బోర్డులోనే ఉండే ప్రోగ్రాం ఫర్మ్‌వేర్, తర్వాత సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ (గ్రబ్ అలాంటిదే), ఆపైన ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరి డ్యూటీలో బొమ్మ మాయమైందో తేల్చుకోకుండా విండోస్ మళ్లీ ఎక్కించడం, ర్యామ్ తీసి పెట్టడం వృథా ప్రయాస.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఈ గొడవ లేదు. తెర మీద 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. అక్షరానికి ఒక బైటు, దాని రంగుకు ఇంకో బైటు. మొత్తం 4000 బైట్లు రాస్తే తెర నిండిపోయేది. అక్షరం ఆకారం గీసే పని కార్డే చూసుకునేది.

ఇప్పటి ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. ఇందులో గ్రాఫిక్స్ అవుట్‌పుట్ ప్రోటోకాల్, పొట్టిగా జీఓపీ, అనే ఏర్పాటు ఉంది. "తెర బొమ్మ ఈ మెమరీ చిరునామాలో ఉంది, ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, రంగుల వరుస ఇది" అని చెప్పి అది తప్పుకుంటుంది. మెనూలో ఒక్కో అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా గ్రబ్బే గీసుకోవాలి. 4కె తెరకు 3840×2160, అంటే దాదాపు 83 లక్షల చుక్కలు. చుక్కకు 4 బైట్లు వేసుకుంటే 3.3 కోట్ల బైట్లు. గ్రాఫిక్స్ చిప్ సాయం లేకుండా ఇదంతా ప్రాసెసరే మోయాలి. కొన్ని మెషీన్లలో మెనూ నత్తనడక నడవడానికి, అక్షరాలు కంటికి ఆననంత చిన్నగా రావడానికి కారణం ఇదే. ఫాంటు ఫైలు దొరక్కపోతే మెనూ చుట్టూ గీతలకు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. గ్రబ్ సెట్టింగుల ఫైలులో గ్రాఫిక్స్ మోడ్‌ను 1024×768 లాంటి చిన్న సైజుకు దించినా, టెర్మినల్‌ను కన్సోల్‌కు, అంటే సాదా అక్షరాల పద్ధతికి, మార్చినా చాలావరకు కుదుటపడుతుంది. ఆ తర్వాత అప్‌డేట్ గ్రబ్ (update-grub) కమాండ్ నడపాలి, లేకపోతే మార్పు కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక మన ఎస్.పి. రోడ్డు కార్డు సంగతి. జీఓపీ ప్రోగ్రాం ఉండేది కార్డు మీది రోమ్ చిప్‌లో. ర్యామ్ కాదు, చెరిగిపోని ఆర్ఓఎమ్. 2012లో విండోస్ 8 వచ్చాక కొత్త కార్డుల్లో అది మామూలైంది. అంతకు ముందటి కార్డులు చాలావాటిలో యూఈఎఫ్ఐకి ముందటి ఫర్మ్‌వేర్ అయిన పాత బయోస్‌కు సరిపడే ప్రోగ్రామే ఉంటుంది. అది యూఈఎఫ్ఐకి అర్థం కాదు కాబట్టి ఫర్మ్‌వేర్ తెర వెలిగించలేదు, గ్రబ్‌కు గీయడానికి చోటే దొరకదు. కొన్ని బోర్డులు అక్కడే బీప్ కొట్టి ఆగిపోతాయి, కొన్ని గుడ్డిగా ముందుకెళ్తాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు సొంత డ్రైవర్ ఉంటుంది కాబట్టి, అది లేచాక తెర వెలుగుతుంది. సీఎస్ఎమ్ అనే పాత పద్ధతి ఆప్షన్ ఆన్ చేస్తే దారి దొరకొచ్చు, కానీ అందుకు సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాంలను లేవనివ్వని కాపలా) ఆపాల్సి వస్తుంది. పైగా పాత బయోస్ మద్దతును 2020 నాటికి ఆపేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. కొత్త బోర్డుల్లో ఆ ఆప్షనే కనిపించకపోవచ్చు. నన్నడిగితే, కొనేముందే కార్డు ఏ కాలం నాటిదో చూసుకోవడం మేలు.

మెనూ చక్కగా వచ్చి, ఆ తర్వాత తెర నల్లబడితే కథ వేరు. అది లినక్స్ డ్రైవర్ డ్యూటీ ఎక్కే సమయం. మెనూలో ఇంగ్లీషు e అక్షరం నొక్కి, లినక్స్ (linux) అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ (nomodeset) అని చేర్చి ఎఫ్10 నొక్కండి. తెర వస్తే దోషం గ్రాఫిక్స్ డ్రైవర్‌దే. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, రోగం ఏమిటో చెబుతుంది గానీ నయం చేయదు.

వీటన్నిటికంటే ముందు కేబుల్ చూడండి. అది కార్డుకు కాక బోర్డు మీది హెచ్‌డీఎమ్ఐకి పెట్టి ఉంటే ఇంత చదవక్కర్లేదు. ఉబుంటు ఒక్కటే ఉన్న కంప్యూటర్‌లో మెనూ మామూలుగానే దాగి ఉంటుంది. లోగో పోగానే ఎస్కేప్ నొక్కితే వస్తుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఫర్మ్‌వేర్ సెట్టింగుల జోలికి పోకుండా ఐటీ వాళ్లకు ఇచ్చేయండి. సెక్యూర్ బూట్ మారిస్తే డిస్కుకు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంటుంది.