ఏడుపు పాట రాయాలంటే ఏడవాలా? విరహ గీతాల చుట్టూ అపోహలు - వాస్తవాలు

సినిమా పాటలు రాస్తానని తెలియగానే చాలామంది రెండే అడుగుతారు. హీరో దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటాడు? ఆ విడిపోయే పాట రాసేటప్పుడు మీరు నిజంగా ఏడ్చారా? మొదటి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, పాట రాసేవాడికి హీరో దొరకడు. రెండోదాని గురించి మాత్రం చెప్పుకోవాల్సింది చాలా ఉంది. డ్యూయెట్ రాసేవాడు ప్రేమలో ఉండి తీరాలని ఎవరూ అనరు. విషాద గీతం రాసేవాడు మాత్రం భగ్నప్రేమికుడై ఉండాలి!

అపోహ: సొంతంగా దెబ్బ తిన్నవాడే ఇలాంటి పాట రాయగలడు

పాటకి కావలసింది రచయిత బాధ కాదు, పాత్ర బాధ. సిట్టింగ్‌లో, అంటే పాట కోసం అందరం కలిసి కూర్చున్నప్పుడు, దర్శకుడు కథ చెప్పాక నేను అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు. ఎవరు దూరమయ్యారు, ఎలా దూరమయ్యారు? పాడే మనిషికి ఆ సంగతి ఎంతవరకు తెలుసు? ఎవరు వినాలని పాడుతున్నారు? పాటకి ముందు సీన్‌లో ఆఖరి డైలాగ్ ఏమిటి? చనిపోయిన మనిషి కోసం పాడే పాట, వేరే పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన మనిషి కోసం పాడే పాట ఒకటి కావు. వెళ్లిపోయిన మనిషి తిరిగొస్తుందేమోనన్న ఆశ ఎక్కడో ఒక మూల ఉంటుంది. పోయిన మనిషి విషయంలో ఆ ఆశకి చోటు లేదు. ఒకవేళ ఉంటే అది పిచ్చితనంలా వినిపించాలి. ఈ తేడా తెలియకుండా రాస్తే ఎన్ని కన్నీళ్లు పోసినా పాట ఏ సందర్భానికీ అతకదు.

‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాటనే తీసుకోండి. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాలో విట్నీ హ్యూస్టన్ పాడాక ప్రపంచమంతా దాన్ని ప్రేమికుల వీడ్కోలు పాట అనుకుంది. అది గాయని డాలీ పార్టన్ 1973లో రాసుకున్న పాట. ప్రియుడి కోసం కాదు, ఏళ్ల తరబడి టీవీ షోలో తనతో కలిసి పాడిన పోర్టర్ వాగనర్ నుంచి వృత్తిపరంగా విడిపోతూ రాసింది. వీడ్కోలు నిజం, ప్రేమకథని మనం కలుపుకున్నాం.

నిజం చెప్పాలంటే పచ్చిగా ఉన్న సొంత బాధ రాసేవాడికి అడ్డమే. అది పాత్రని పక్కకి నెట్టి తానే మాట్లాడేస్తుంది.

అపోహ: ముందు కవి కవిత రాస్తాడు, తర్వాత దానికి బాణీ కడతారు

అలా కుదిరిన పాటలు లేకపోలేదు. కానీ ఎక్కువగా జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. ఫోన్‌కి ఒక ఆడియో ఫైల్ వస్తుంది. వెనకాల కీబోర్డు, దాని మీద సంగీత దర్శకుడి గొంతు. ‘తాన తనన’ అనో, నోటికొచ్చిన డమ్మీ మాటలతోనో ట్యూన్ పాడి ఉంటుంది. ఎక్కడ గురువు (సాగే అక్షరం), ఎక్కడ లఘువు (పొట్టి అక్షరం), ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నీ అప్పటికే ఖాయమైపోతాయి. ఆ గీతల మధ్య మాట కుదరాలి, అర్థం కుదరాలి, పైగా ఆ మనిషికి అప్పుడే తట్టినట్టు వినిపించాలి.

ఒకటి చేసి చూపిస్తాను. పల్లవి ఎత్తుగడ ‘లాలా లలలా’ అని ఉందనుకుందాం. రెండు గురువులు, రెండు లఘువులు, ఒక గురువు. సందర్భం: భార్య చనిపోయిన మనిషి ఆ తర్వాత మొదటిసారి ఆఫీసు నుంచి ఇంటికొస్తున్నాడు. వెంటనే నోట్లోకి వచ్చేది ‘గుండే పగిలే’. లెక్కకి అతికినట్టు సరిపోతుంది. కానీ ‘గుండె’ని ‘గుండే’ అని సాగదీశాం, పైగా ఆ మాట విని ఇప్పుడు ఎవరి గుండే పగలదు. సరే, ‘నువ్వే వెళితే’ అందామా? అదీ సరిపోతుంది. అయితే అది ఎవరైనా ఎవరితోనైనా అనగలిగే మాట.

ఇప్పుడు ఆ మనిషి చేతిలో ఏముందో చూడండి. ఇన్నాళ్లూ బెల్ కొడితే తలుపు తీసే మనిషి ఉండేది. ఇవాళ జేబులోంచి తాళంచెవి తియ్యాలి. ‘తాళం తెరిచా’. లెక్క మారలేదు. మామూలుగా ‘తాళం తీశా’ అంటాం, ట్యూన్ కోసం ‘తెరిచా’ అయింది. ఆ మాత్రం చనువు పాటకి ఉంది. తర్వాతి లైను ‘ఎవరూ అడగరు ఇంతాలస్యం ఏమని’. అన్నీ నాలుగేసి మాత్రల ముక్కలు (లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు), చతురస్రం అనే నాలుగు లెక్క నడకలో హాయిగా సాగుతాయి. కన్నీరు అన్న మాట లేదు, ప్రేమ అన్న మాట లేదు, మరణం ఊసే లేదు. మిగతాది వినేవాళ్లు చూసుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ట్యూన్‌లో సాగే స్వరం ఎక్కడ పడితే అక్కడ ఏ అచ్చు ఉందన్నది చాలా ముఖ్యం. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి సాగదీయడానికి మనకి సదుపాయమే. కానీ పైస్థాయిలో ‘ఆ’ విచ్చుకున్నట్టు ‘ఈ’, ‘ఊ’ విచ్చుకోవు, గొంతు నొక్కినట్టవుతుంది. అర్థం ఎంత గొప్పగా ఉన్నా, తారస్థాయిలో నాలుగు మాత్రలు నిలవాల్సిన చోట ‘నీవు’ అని పెడితే గాయని మొహం చూసే సాహసం చెయ్యకండి.

అపోహ: విషాదమంటే శివరంజని, లేదంటే మైనర్ స్కేల్

శివరంజని రాగం విషాదానికి బాగా పలుకుతుంది, కాదనను. మోహన రాగంలో ఉన్న అంతర గాంధారం (కాస్త పైనుండే ‘గ’) తీసేసి సాధారణ గాంధారం (దాని కింది ‘గ’) పెడితే అదే శివరంజని. ఒక్క స్వరం తేడాతో ముఖమే మారిపోతుంది. కానీ దాన్నే నియమం చేసేసుకుంటే ప్రేక్షకుడు పల్లవి మొదలవకముందే జేబురుమాలు తీసి సిద్ధంగా కూర్చుంటాడు. అలా సిద్ధపడ్డవాడిని ఏడిపించడం కష్టం.

1973లో ‘ద వే వి వర్’ సినిమాకి బార్బ్రా స్ట్రైసాండ్ పాడిన పాటని సంగీత దర్శకుడు మార్విన్ హామ్లిష్ మేజర్‌లోనే, అంటే సంతోషంగా వినిపించే స్వరాల వరుసలోనే కట్టాడు. దిగులుగా వినిపించే మైనర్‌లో కడితే ఆ జంట కలవదని ముందే చెప్పేసినట్టవుతుందని ఆయన ఆలోచన. ‘టైటానిక్’ పాట మొదలయ్యేది కూడా మేజర్‌లోనే. సంతోషంగా ఉండాల్సిన స్వరాల మీద పోగొట్టుకున్నవాడి మాటలు పడితే ఆ రెండింటి మధ్య రాపిడి పుడుతుంది. నా ఓటు ఎప్పుడూ దానికే.

అపోహ: గాయకులు ఏడుస్తూ పాడితేనే జీవం వస్తుంది

ఏడుపొస్తే గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి తెగుతుంది, శ్రుతి నిలవదు. అలా వచ్చిన టేక్‌ని కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లు మెచ్చుకుంటారేమో గానీ, మర్నాడు పొద్దున వింటే వాడుకోలేరు. గాయకులు చేసేది చాలా నేర్పుగా ఉంటుంది: ఒక లైను చివర గొంతు సన్నబరుస్తారు, ఒక మాట ముందు పీల్చిన ఊపిరిని దాచకుండా వినిపించనిస్తారు, ‘నువ్వు’ అనే చోట తాళానికి రవ్వంత వెనకపడతారు. ఎడిటింగ్‌లో ఆ ఊపిరిని శుభ్రం చేసేస్తామంటే నేను మాత్రం ఒప్పుకోను. పాటంతటికీ అదే ఆయువుపట్టు కావచ్చు.

అపోహ: పాటలో జరిగిన కథ అంతా చెప్పాలి

తెర మీద యాక్సిడెంట్ చూపించి, పాటలో మళ్లీ యాక్సిడెంట్ అయిందని చెప్పడమంత దండగ ఇంకోటి లేదు. ప్రేక్షకుడికి కళ్లున్నాయి. 1993లో వచ్చిన ‘మాతృదేవోభవ’లోని ‘రాలిపోయే పువ్వా’ పాటకి వేటూరి సుందరరామమూర్తికి జాతీయ అవార్డు వచ్చింది. కీరవాణి సంగీతం. అది పువ్వుతో, పొద్దుతో మాట్లాడే పాట. ఆ తల్లి కథలో ఏం జరిగిందో ఒక్క సంఘటన కూడా పేరు పెట్టి చెప్పదు. చెప్పాల్సిన పని లేదు, అంతకుముందు సీన్లన్నీ ఆ పని చేసేశాయి.

అపోహ: పాట ఉన్నట్టుండి వచ్చి ఏడిపించేస్తుంది

చాలాసార్లు ట్యూన్ అంతకుముందే మన చెవిలో పడి ఉంటుంది. ‘టైటానిక్’కి జేమ్స్ హార్నర్ ఆ బాణీని నేపథ్య సంగీతంలో సినిమా పొడుగునా అక్కడక్కడా వాడుకున్నాడు. పడవ మీద ప్రేమ నడుస్తున్నప్పుడు విన్న స్వరాలే అన్నీ మునిగిపోయాక సెలీన్ డియోన్ గొంతులో మాటలతో తిరిగొస్తాయి. తమాషా ఏమిటంటే, చివర్లో గాత్రంతో పాట ఉండటం దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కి మొదట ఇష్టం లేదు. హార్నర్ ఆయనకి చెప్పకుండా విల్ జెన్నింగ్స్ చేత మాటలు రాయించి, డెమో రికార్డు చేసి, ఆయన మూడ్ బాగున్న రోజు చూసి వినిపించాడు. ఆ పాటకి ఆస్కార్ వచ్చింది. దర్శకుడి మూడ్ కోసం కాచుకుని కూర్చోవడం మా వృత్తిలో ఎక్కడైనా ఒకటే అని నాకు అర్థమైంది.

అపోహ: ఒక సందర్భానికి రాసింది ఆ సినిమాకే పనికొస్తుంది

‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ 1955 నాటి ఒక జైలు సినిమా కోసం పుట్టింది. సంగీతం అలెక్స్ నార్త్, మాటలు హై జారెట్. 1990లో ‘ఘోస్ట్’లో రైచస్ బ్రదర్స్ పాడిన రూపం వినిపించాక అది చనిపోయిన ప్రియుడి పాట అయిపోయింది. జైలు గోడకి అటూ ఇటూ ఉన్న ఎడబాటు, చావుకి అటూ ఇటూ ఉన్న ఎడబాటు ఒకే మాటల్లో ఇమిడాయి. ‘బాడీగార్డ్’లో కూడా మొదట అనుకున్నది వేరే పాట. అది అప్పటికే ఇంకో సినిమాలో వచ్చేయడంతో డాలీ పార్టన్ పాట దొరికింది. సినిమా కోసం రాసింది కాదు కాబట్టి ఆస్కార్‌కి మాత్రం పనికిరాలేదు.

అపోహ: మంచి పాట ఒక్క రాత్రిలో పొంగుకొస్తుంది

మనసు కవి ఆత్రేయ గురించి పరిశ్రమలో ఒక మాట ఇప్పటికీ చెప్పుకుంటారు: రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తారు, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తారు. ఇంతకంటే వివరించక్కర్లేదు.

అపోహ: అసలు సంగతి చివరి చరణానికి దాచుకోవాలి

కవితకైతే సరే. సినిమాలో నిడివి పెరిగిందంటే మొదట కత్తెర పడేది రెండో చరణం మీదే. ఆడియోలో ఉంటుంది, థియేటర్లో ఉండదు. సంగీత దర్శకుడు చరణాల మధ్య వచ్చే వాద్య సంగీతాన్ని (ఇంటర్‌లూడ్) కుదిస్తాడు, ఎడిటర్ నేరుగా చివరి పల్లవికి దూకేస్తాడు, కథ ఆగకూడదని నిర్మాత తలూపుతాడు. ప్రాణం పెట్టి రాసిన లైను రెండో చరణంలో ఉందని దర్శకుడితో గొడవ పడే కుర్ర రచయితలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఆ లైనుని మొదటి చరణంలోకి తెచ్చుకుని, రెండో చరణానికి వేరే ఏదైనా రాసివ్వమంటాను.