రొయ్యల లెక్కల్లో బ్లాక్‌చెయిన్: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల నుంచి రొయ్యలను శుద్ధి చేసే ప్లాంటుకు వచ్చే సరుకు వివరాలను బ్లాక్‌చెయిన్‌లో, అంటే చాలామంది కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకంలో, ఎక్కించడం నా పని. ఏ గట్టు మీద నిలబడినా ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: బ్లాక్‌చెయిన్‌లో ఉందంటే అది నిజమే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఎక్కించిన ప్రతి వివరానికీ హ్యాష్ అనే వేలిముద్ర లాంటిది పడుతుంది. వివరాలను బ్లాకులనే కట్టలుగా కడతారు, తర్వాతి బ్లాక్‌లో ముందుదాని వేలిముద్ర ఉంటుంది. మధ్యలో ఒక్క అక్షరం మార్చినా ఆపై లెక్కంతా తప్పుతుంది. కాపీలు కూడా చాలామంది దగ్గర ఉంటాయి కాబట్టి రాసినదాన్ని దొంగచాటుగా దిద్దడం కుదరదు. కానీ మొదటే తప్పు రాస్తే ఆ తప్పు కూడా అంతే భద్రంగా ఉంటుంది.

ఒకసారి తెల్లవారుజామున రెండు చెరువుల రొయ్యలకు ఐస్ వేసి ఒకే బండిలో పంపారు. యాప్‌లో ఒక చెరువు నంబరే ఎక్కింది. ప్లాంటులో పరీక్ష చేస్తే యాంటీబయాటిక్ ఆనవాళ్లు తేలాయి. “నేను వాడని మందు నా పేరు మీదకు ఎట్లా వచ్చింది సార్?” అని ఆ రైతు అడిగితే నాకు నోట మాట రాలేదు. ఆయన ఆ రోజు సగమే పట్టించారు కాబట్టి చెరువులో మిగిలిన రొయ్యలను పరీక్ష చేయించాం. ఏమీ లేదు. షెడ్డులో ఆయన రోజూ మేత, మందులు రాసుకున్న నోటుపుస్తకం, కాటా చీటీల మీది టైము కలిపి చూస్తే అసలు సంగతి బయటపడింది. పాత ఎంట్రీ అలాగే ఉంచి, దిద్దుబాటును కొత్త ఎంట్రీగా వేశాం. అప్పటి నుంచి చెరువు నంబరు ట్యాగు లేని క్రేటును బండి ఎక్కనివ్వను.

అపోహ: ఇది బిట్‌కాయిన్ వ్యవహారం, డబ్బులు పోతాయి.

2009లో బిట్‌కాయిన్ ఈ పద్ధతితోనే మొదలైంది. మేం వాడేది అనుమతి ఉన్నవాళ్లు మాత్రమే రాసే నెట్‌వర్క్. అందులో కాయిన్లు లేవు, కంప్యూటర్లతో కాయిన్లు సంపాదించే మైనింగ్ లేదు.

అపోహ: మన రొయ్యలకు ఇదంతా ఎందుకు?

దిగుమతి రొయ్యలు ఎక్కడివో రికార్డులు చూపాలన్న నిబంధనను అమెరికా 2018 డిసెంబరు 31న అమల్లోకి తెచ్చింది. 2019లో వాల్‌మార్ట్ ఆంధ్ర రొయ్యలను అమెరికా దుకాణాల దాకా బ్లాక్‌చెయిన్‌తో ట్రాక్ చేసి చూసింది. అంతకుముందే వాల్‌మార్ట్ మామిడి ముక్కల ప్యాకెట్టుతో పరీక్షించింది: అది ఎక్కడిదో కనుక్కోవడానికి మామూలుగా దాదాపు ఏడు రోజులు పడుతుంటే, ఈ పద్ధతిలో 2.2 సెకన్లు పట్టింది. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్ అనే నిషేధిత యాంటీబయాటిక్ తేలిందంటే ఆ తేడా మనకు ప్రాణం. తప్పు ఏ చెరువుదో వెంటనే తేలకపోతే అనుమానం అందరి సరుకు మీదా పడుతుంది, మంచి రైతుకూ రేటు తెగుతుంది.

అపోహ: పెద్ద కంపెనీ పెడితే అదే నడుస్తుంది.

ఓడల కంపెనీ మెర్స్క్, కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం కలిసి 2018లో ఓడ సరుకు లెక్కల కోసం తెచ్చిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్‌ను మూసేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించాయి. పరిశ్రమంతా కలిసి రాలేదని వాళ్లే చెప్పారు. మన దగ్గర కలిసి రావలసింది రైతుకూ ప్లాంటుకూ మధ్య ఉండే ఏజెంట్లు. కమీషన్ బయటపడుతుందని వాళ్ల టెన్షన్. కానీ రేటు, కమీషన్ ఇతరులకు కనబడకుండా పెట్టవచ్చు. నాకు కావలసింది చెరువు నంబరు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), బరువు, టైము. మొన్న విడవలూరులో ఒక ఏజెంటుకు ఫోన్ చేతికిచ్చి ఇదే చూపించాను. ఆ రాత్రి మూడు బండ్లకూ చెరువు నంబర్లు విడివిడిగా ఆయనే ఎక్కించాడు.