కటాఫ్ గీతకు అటూ ఇటూ పుట్టిన పిల్లలు

అమెరికాలో పిల్లల సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేదే) జట్లకు 2026-27 సీజన్ నుంచి వయసు లెక్క మారుతోంది. ఇన్నాళ్లూ జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు పుట్టినవాళ్లంతా ఒక జట్టు. ఇకపై ఆగస్టు 1 నుంచి మరుసటి ఏడాది జులై 31 లోపు పుట్టినవాళ్లు ఒక జట్టు. యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్‌ఓ అనే మూడు సంస్థలు కలిసి తీసుకున్న నిర్ణయం ఇది. నిజానికి పదేళ్ల కిందటి దాకా అక్కడ ఆగస్టు లెక్కే ఉండేది. ప్రపంచమంతా జనవరి లెక్క నడుస్తోంది కాబట్టి మనమూ అలాగే వెళ్దామని ఆ దేశపు సాకర్ ఫెడరేషన్ 2015లో దాన్ని మార్చింది. ఇప్పుడు మళ్లీ మొదటికి వచ్చారు.

కారణం ఏమిటంటే, జనవరి లెక్కకూ బడి తరగతులకూ పొత్తు కుదరలేదు. అక్టోబరులో పుట్టిన పిల్లవాడు తన జట్టులో చాలామంది కన్నా ఒక తరగతి కింద చదువుతుంటాడు. ఎనిమిదో తరగతిలో వాడికి అసలు చిక్కు మొదలవుతుంది. తోటివాళ్లు తొమ్మిదికి వెళ్లి హైస్కూలు జట్టులో చేరతారు. హైస్కూలు సీజన్ నడిచినన్ని నెలలూ క్లబ్ జట్టు ఆగిపోతుంది. వీడికి ఆడదామన్నా జట్టు ఉండదు. ఇలాంటి పిల్లలకు అక్కడ ‘ట్రాప్డ్ ప్లేయర్స్’ అని పేరే పడిపోయింది.

కొత్త లెక్కతో ఈ చిక్కు చాలామందికి తీరుతుంది, సంతోషం. కానీ ఇన్నాళ్లూ జట్టులో అందరికన్నా చిన్నవాడు డిసెంబరులో పుట్టినవాడైతే, ఇక నుంచి జులైలో పుట్టినవాడు అవుతాడు. తేదీ మార్చిన ప్రతిచోటా ఇదే జరిగింది. నష్టం ఒక నెలవాళ్ల మీద నుంచి ఇంకో నెలవాళ్ల మీదికి జరిగిందే తప్ప పోలేదు. ఈ గీత ఎక్కడి నుంచి వచ్చింది, దాని సంగతి ఎప్పుడు బయటపడింది, తెలిశాక కూడా ఎందుకు సరికాలేదు అన్నది కొంచెం వెనక్కి వెళ్లి చూడాల్సిన విషయం.

పిల్లల్ని పుట్టిన తేదీని బట్టి విడదీయడం మరీ పాత అలవాటేమీ కాదు. చాలాకాలం బడి అంటే ఒకటే గది, ఒకరే పంతులు. ఆరేళ్ల పిల్లా పద్నాలుగేళ్ల కుర్రాడూ పక్కపక్కనే కూర్చుని ఎవరి పాఠం వాళ్లు చదువుకునేవారు. పై పుస్తకం చేతికొచ్చిందంటే కింది పుస్తకం పూర్తయిందని అర్థం. ఒక ఏడాది వయసు పెరిగిందని కాదు. ఇప్పటి జర్మనీలో భాగమైన ప్రష్యాలో తరగతుల పద్ధతి చూసి ముచ్చటపడ్డ అమెరికన్లు దాన్ని తమ దగ్గరికి తెచ్చుకున్నారు. బోస్టన్‌లో 1848లో మొదలైన క్విన్సీ గ్రామర్ స్కూల్లో తరగతికో గది, గదికో టీచరు. తర్వాత ప్రభుత్వాలు చదువును తప్పనిసరి చేశాయి. ఇంగ్లండ్‌లో 1880 చట్టంతో ఐదేళ్ల నుంచి పదేళ్ల వరకు పిల్లలంతా బడికి రావాల్సిందే అయింది. చట్టం వచ్చాక, ఐదేళ్లు ఏ తారీఖుకి నిండాలి అన్న ప్రశ్న తప్పదు. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. ఇంగ్లండ్‌లో అది సెప్టెంబరు 1 దగ్గర పడింది. జపాన్‌లో ఏప్రిల్ 2 దగ్గర పడింది. ఏప్రిల్ 1న పుట్టిన పిల్లలు కూడా అక్కడ ముందు బ్యాచ్‌లోకే వెళ్తారు. పుట్టినరోజుకు ముందురోజు ముగియగానే ఏడాది నిండినట్టు జపాన్ చట్టం లెక్కవేస్తుంది మరి.

గీత ఎక్కడున్నా ఒకే తరగతిలో దాదాపు ఏడాది తేడా ఉన్న పిల్లలు పడతారు. ఐదేళ్ల పిల్లకు ఏడాది అంటే తను బతికిన కాలంలో ఐదో వంతు. పదేళ్లప్పుడు పదో వంతు. ఇరవై దాటాక ఆ తేడా ఎవరి కంటికీ కనబడదు. కానీ మనం పిల్లల్ని తూచి, వీడు చురుకు, వీడు మందం అని పేర్లు పెట్టేది ఇరవై దాటాక కాదు కదా.

పరీక్షలు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి వందేళ్ల కిందటే తెలుసు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. పల్లెటూరి బళ్లలో తెలివైన పిల్లలు స్కాలర్‌షిప్పులకు రాకుండా ఎందుకు మిగిలిపోతున్నారో తేల్చమని ఇంగ్లండ్‌లోని నార్తంబర్‌లాండ్ అధికారులు 1921లో గాడ్‌ఫ్రే థామ్సన్‌ను అడిగారు. ఆయన పరీక్షలు రూపొందించారు. తర్వాత ఎడిన్‌బరా వెళ్లి మోరే హౌస్ పరీక్షలు నడిపించారు. వాటిలో పిల్లవాడికి వచ్చిన మార్కుల్ని నేరుగా పోల్చరు. వాడి వయసు ఎన్నేళ్ల ఎన్ని నెలలో చూసి, పట్టిక ప్రకారం సవరించి అప్పుడు పోలుస్తారు. పదకొండేళ్ల పిల్లల్ని గ్రామర్ స్కూళ్లకు ఏరే ఎలెవెన్-ప్లస్ పరీక్షల్లోకీ ఈ పద్ధతే వచ్చింది. కానీ మిగతా బడి జీవితంలోకి ఆ పట్టిక రాలేదు. టీచరు రోజూ వేసే అంచనాలో, ఏ సెక్షన్, బి సెక్షన్ అని విడదీసేటప్పుడు నెలల లెక్క ఎవరూ చూడలేదు. 1960ల్లో పరిశోధకులు ఇంగ్లండ్ బళ్లలో పై సెక్షన్లు పరిశీలిస్తే బడి ఏడాది మొదట్లో, అంటే సెప్టెంబరు నుంచి మొదలయ్యే నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువ కనిపించారు.

ఆటల్లో ఈ విషయం బయటపడింది మాత్రం ఒక ప్రేక్షకురాలి చూపు వల్ల. 1980ల మొదట్లో కెనడాలోని లెత్‌బ్రిడ్జ్‌లో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజీ ప్రొఫెసర్, ఆయన భార్య పాలా కలిసి లెత్‌బ్రిడ్జ్ బ్రాంకోస్ అనే జూనియర్ ఐస్ హాకీ జట్టు మ్యాచ్‌కి వెళ్లారు. అక్కడ ఇచ్చే చిన్న పుస్తకంలో ఆటగాళ్ల ఎత్తు, బరువు, పుట్టిన తేదీ ఉంటాయి. పాలా వాటిని చూస్తూ, వీళ్లలో ఇంతమంది జనవరి, ఫిబ్రవరి, మార్చిలోనే ఎందుకు పుట్టారు అన్నారు. బార్న్స్‌లీ వేరే జట్ల జాబితాలు తీసి చూశారు. ఎక్కడ చూసినా అదే వరస. మేటి ఆటగాళ్లలో సుమారు 40 శాతం ఏడాది మొదటి మూడు నెలల వాళ్లు, చివరి మూడు నెలల వాళ్లు 10 శాతం చుట్టుపక్కల. కెనడా హాకీలో వయసు కటాఫ్ జనవరి 1. ఆయన బృందం పరిశోధన 1985లో అచ్చయింది. అంతకు ఏడాది ముందే క్విబెక్‌లో సిమన్ గ్రోండిన్ బృందం ఫ్రెంచిలో ఇలాంటి ఫలితాలనే ప్రచురించింది.

తొమ్మిది, పదేళ్ల పిల్లలకు సెలక్షన్ జరిగేటప్పుడు ఏమవుతుందో చూడండి. మైదానంలో నలభైమంది ఉంటారు. కోచ్ కళ్లు ఎవరి మీద పడతాయి? కాస్త ఎత్తుగా ఉండి, బలంగా తోసుకుంటూ వెళ్లి, చెప్పింది చప్పున అందుకున్నవాడి మీద. వాడు జనవరివాడు అయ్యే అవకాశం ఎక్కువ. వాడికి మంచి జట్టు, మంచి కోచింగ్, ఎక్కువ మ్యాచులు దొరుకుతాయి. డిసెంబరువాడు బెంచ్ మీద కూర్చుంటాడు, లేదా ఇంటికెళ్తాడు. నాలుగేళ్లు తిరిగేసరికి ఇద్దరి మధ్యా ఆటలో నిజమైన తేడానే వచ్చేస్తుంది. అప్పుడు కోచ్‌ని అడిగితే, నా అంచనా సరిగ్గానే ఉంది చూడండి అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. తన అంచనాయే ఆ తేడాను తయారు చేసిందని ఆయనకు తెలియదు, అంతే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మనం ఎంతో నమ్మకంగా అంటాం. ఆ నమ్మకం ఎంతమంది పిల్లల ఆటను మొదట్లోనే ఆపేసిందో లెక్కవేయడానికి కూడా లేదు, ఎందుకంటే వదిలేసి వెళ్లినవాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

జనవరిలో పుట్టినవాళ్లలో సహజంగానే ఏదో ప్రత్యేకత ఉందేమో అన్న అనుమానాన్ని ఫుట్‌బాల్ తీర్చేసింది. ఆస్ట్రేలియాలో 1980ల చివర్లో కటాఫ్‌ను జనవరి నుంచి ఆగస్టుకు మార్చారు. కొన్నేళ్లకు అక్కడి ఆటగాళ్ల పుట్టిన నెలలు కూడా ఆగస్టు వైపు జరిగాయి. 1997లో ఫిఫా దీనికి ఎదురు దిశలో, అంతర్జాతీయ జూనియర్ పోటీల కటాఫ్‌ను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చింది. బెల్జియం కూడా అలాగే మార్చుకుంది. వెర్నర్ హెల్సన్ బృందం అక్కడి జూనియర్ల జాబితాలు చూస్తే, అంతకుముందు ఎంపికవుతూ వచ్చిన ఆగస్టు, సెప్టెంబరు పిల్లలు తగ్గి జనవరి, ఫిబ్రవరి పిల్లలు పెరిగారు. దేశం అదే, కోచ్‌లు వాళ్లే. మారింది తేదీ ఒక్కటే.

2009లో స్టీఫెన్ కోబ్లీ బృందం అప్పటిదాకా వచ్చిన 38 అధ్యయనాలను కలిపి చూసింది. 14 ఆటలు, 16 దేశాలు. ఎక్కువ ఆటల్లో ఇదే ధోరణి. జిమ్నాస్టిక్స్ లాంటి, చిన్న శరీరం కలిసొచ్చే ఆటల్లో ఈ ప్రభావం అంతగా కనిపించదు.

చదువు సంగతికి వస్తే నాకు ఎక్కువ బాధ అనిపించేది మార్కుల తేడా కాదు. కెల్లీ బెడార్డ్, ఎలిజబెత్ డూయీ 2006లో చాలా దేశాల గణితం, సైన్సు పరీక్షల ఫలితాలు పరిశీలించి, నాలుగో తరగతిలో చిన్నవాళ్లు పెద్దవాళ్ల కన్నా 4 నుంచి 12 పర్సంటైళ్లు (వందమందిని మార్కుల వరసలో నిలబెడితే అన్ని స్థానాలు) వెనకబడ్డారని చూపించారు. ఎనిమిదో తరగతికి ఆ తేడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇది ఊహించగలిగిందే. కానీ మందుల చీటీ దాకా వెళ్లడం మాత్రం ఊహించరానిది.

ఏకాగ్రత కుదరకపోవడం, అతి చంచలత్వం లక్షణాలుగా ఉండే ఏడీహెచ్‌డీ అనే సమస్యను గుర్తించేటప్పుడు, పిల్లవాడి చంచలత్వం వాడి వయసుకు మించి ఉందా అని చూడాలి. కానీ టీచరుకు కనిపించేది వాడి తరగతి. ఆ తరగతిలో వాడు అందరికన్నా చిన్నవాడైతే, వయసుకు తగ్గ అల్లరే జబ్బులా కనిపిస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 9 లక్షలకు పైగా పిల్లల రికార్డులతో 2012లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ బడి కటాఫ్ డిసెంబరు 31. జనవరిలో పుట్టిన అబ్బాయిలతో పోలిస్తే డిసెంబరులో పుట్టిన అబ్బాయిలకు ఏడీహెచ్‌డీ ఉందని తేల్చడం 30 శాతం ఎక్కువ, మందు రాయడం 41 శాతం ఎక్కువ. అమ్మాయిల్లో అయితే 70, 77 శాతం. 2018లో అమెరికాలో ఇంకో అధ్యయనం, సెప్టెంబరు 1 కటాఫ్ ఉన్న రాష్ట్రాల మీద. ఆగస్టులో పుట్టి తరగతిలో చిన్నవాళ్లైన పిల్లల్లో పదివేలకు 85 మందికి, సెప్టెంబరులో పుట్టి పెద్దవాళ్లైన పిల్లల్లో పదివేలకు 64 మందికి ఈ జబ్బు ఉందన్నారు. అలాంటి కటాఫ్ లేని రాష్ట్రాల్లో ఆగస్టుకీ సెప్టెంబరుకీ ఈ తేడా లేదు. ఒక్క నెల ఆలస్యంగా పుట్టి ఉంటే మందు అవసరం పడని పిల్లలు కొందరు రోజూ మాత్ర మింగుతున్నారన్నమాట.

పెద్దయ్యాక ఇవన్నీ సర్దుకుంటాయని కొందరు అంటారు. అందులో కొంత నిజం ఉంది. నార్వేలో సాండ్రా బ్లాక్, పాల్ డెవెరూ, షెల్ సాల్వానెస్ చేసిన పరిశోధనలో, బడిలో ఎప్పుడు చేరారన్న దాని ప్రభావం ముప్పై ఏళ్లకల్లా సంపాదనలో కనిపించకుండా పోయింది. అమెరికాలో పాత లెక్కలు తీస్తే ఇంకో విచిత్రం. బడిలో పెద్దవాళ్లుగా చేరిన పిల్లలు చదువు మానేయడానికి చట్టం ఒప్పుకునే వయసుకు ముందే చేరుకుంటారు, అందువల్ల వాళ్లలో కొందరు తక్కువ చదివి ఆపేశారు. ఆటల్లోనూ నిలబడ్డవాళ్ల కథ వేరు. 1980 నుంచి 2007 దాకా ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద హాకీ లీగ్ క్లబ్బులు కుర్ర ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైన కెనడా ఆటగాళ్లలో మొదటి మూడు నెలల వాళ్లు 36 శాతం, కానీ ఆడిన మ్యాచుల్లో వాళ్ల వాటా 28 శాతమే. జులై నుంచి డిసెంబరు దాకా పుట్టినవాళ్లు 34 శాతం, వాళ్లు ఆడిన మ్యాచులు 42 శాతం. చిన్నవాళ్లు కష్టపడి రాటుదేలతారని దీన్ని కొందరు మెచ్చుకోలుగా చెబుతారు. నేను దాన్ని అలా చదవలేను. పెద్దల అంచనా పద్దెనిమిదేళ్ల వయసులో కూడా అంత తప్పుతోందంటే, తొమ్మిదేళ్లకు పంపించేసినవాళ్లలో ఎంతమంది ఆటగాళ్లను పోగొట్టుకున్నట్టు?

తల్లిదండ్రులు తమకు తోచిన దారి వెతుక్కున్నారు. అమెరికాలో గీతకు దగ్గరగా పుట్టిన పిల్లల్ని ఒక ఏడాది ఆపి బడిలో వేస్తారు, రెడ్‌షర్టింగ్ అంటారు దాన్ని. అలా ఆపగలిగేది ఇంకో ఏడాది పిల్లల్ని చూసుకునే ఖర్చు భరించగల ఇళ్లు. అందువల్ల తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లుగా మిగిలేది డబ్బులేని ఇళ్ల పిల్లలు, అదీ మునుపటికన్నా ఎక్కువ తేడాతో. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పుట్టిన పిల్లల్ని ఏడాది ఆలస్యంగా, మొదటి తరగతికి ముందుండే రిసెప్షన్ తరగతిలోనే చేర్చుకోమని అడగొచ్చు, ఒప్పుకోవడం అధికారుల ఇష్టం. డెన్మార్క్‌లో ఇలా ఆపడం మామూలు విషయం. ఏడీహెచ్‌డీ మందుల్లో నెలల తేడా అక్కడ చాలా తక్కువగా కనిపించింది.

ఆటల్లో వచ్చిన ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది చాలా చిన్నది. డేవిడ్ మాన్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో, పిల్లల చొక్కాల మీద నంబర్లు వయసు వరసలో వేశారు. ఆటగాళ్లను ఏరే స్కౌట్లకు కాగితం మీద పుట్టిన తేదీలు ఇచ్చినప్పుడు పెద్దవాళ్ల వైపు పక్షపాతం పోలేదు. చొక్కా నంబరు చూస్తేనే ఎవరు పెద్ద, ఎవరు చిన్న తెలిసినప్పుడు పోయింది. తెలిసి ఉండటం వేరు, చూస్తున్న క్షణంలో కంటి ముందు ఉండటం వేరు. 2015లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఇంకో దారి పట్టింది. నాలుగు క్లబ్బుల పిల్లల్ని వయసును పక్కనపెట్టి, పెద్దయ్యాక వచ్చే ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం పెరిగారో అంచనావేసి, 85 నుంచి 90 శాతం మధ్య ఉన్నవాళ్లను కలిపి ఆడించింది. ముందే ఎదిగినవాళ్లకు బలంతో నెగ్గే వీలు పోయి నైపుణ్యం మీద ఆధారపడాల్సి వచ్చింది, ఆలస్యంగా ఎదిగేవాళ్లు తొలిసారి ఆటను నడిపించారు. అయితే ఇది పుట్టిన నెల సమస్యకు పూర్తి మందు కాదు. జనవరిలో పుట్టి ఆలస్యంగా ఎదిగేవాళ్లూ ఉంటారు, డిసెంబరులో పుట్టి ముందే ఎదిగేవాళ్లూ ఉంటారు.

హెల్సన్ బృందమే 2000-01, 2010-11 సీజన్లను పక్కపక్కన పెట్టి యూరప్ దేశాల ఫుట్‌బాల్ చూసింది. పదేళ్ల పరిశోధన తర్వాత కూడా పరిస్థితి దాదాపు అలాగే ఉంది. కోచ్ ఉద్యోగం నిలబడేది ఈ వారం మ్యాచ్ గెలిస్తే. ఆ మ్యాచ్‌కి జనవరివాడే పనికొస్తాడు.

అందుకే ఏరడమే ఆలస్యం చేసిన దేశం సంగతి తెలుసుకోవాలి. నార్వే 1987లో పిల్లల ఆటలకు నియమాలు రాసుకుంది, 2007లో మళ్లీ సవరించుకుంది. పదకొండేళ్లు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడేళ్లలోపు పిల్లలకు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2018 వింటర్ ఒలింపిక్స్‌లో 39 పతకాలతో, 2022లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదట నిలిచింది. ఆ నియమాల వల్లే పతకాలు వచ్చాయని చెప్పడానికి లేదు, మంచు, డబ్బు, సంప్రదాయం అన్నీ ఉన్నాయి అక్కడ. కానీ తొమ్మిదేళ్లకే ఏరుకోకపోతే వెనకబడిపోతామన్న వాదన మాత్రం ఆ పట్టిక ముందు నిలబడదు.