కరువును తట్టుకునే ఒరిక్స్, చెరువు నత్త: అపోహలు - వాస్తవాలు

జంతుశాస్త్రం పాఠంలో కరువును తట్టుకోవడం గురించి చెప్పాల్సి వస్తే నేను రెండు జీవులను పక్కపక్కన పెడతాను. ఒకటి అరేబియా ఎడారిలో తిరిగే తెల్లటి ఒరిక్స్, అంటే పొడవాటి కొమ్ములున్న జింకలాంటి జంతువు. రెండోది మన చెరువుల్లో, వరి మళ్లలో కనిపించే నత్త, అంటే పైలా. రెండింటి మీదా అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఒరిక్స్ ఒంట్లో నీళ్లు దాచుకుంటుంది.

వాస్తవం: దాచుకోదు, ఖర్చు తగ్గించుకుంటుంది. ఎండలో మనకు చెమట పోసి ఒళ్లు చల్లబడుతుంది, దాంతో నీళ్లు పోతాయి. ఒరిక్స్ పగలంతా ఒంటి వేడిని పెరగనిస్తుంది, రాత్రి చల్లగాలికి ఆ వేడి దిగిపోతుంది. వేసవిలో పగటికీ రాత్రికీ దాని ఒంటి వేడిలో సగటున 4 డిగ్రీల తేడా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన పడుకుంటుంది, మేత ఎక్కువగా రాత్రిపూట. తాగే నీళ్లు దొరక్కపోయినా తినే మొక్కల్లోని తేమతోనే చాలా కాలం నెట్టుకొస్తుంది.

అపోహ: చెరువు ఎండితే నత్తలన్నీ చస్తాయి, తొలకరికి కొత్తవి పుడతాయి.

వాస్తవం: తొలకరికి కనిపించేవాటిలో చాలావరకు పాతవే. నీళ్లు ఇంకుతుండగానే నత్త బురదలోకి దిగి, గుల్ల నోటికి ఉన్న గట్టి మూతను బిగించుకుంటుంది. మొప్పతో పాటు దానికి ఊపిరితిత్తి కూడా ఉంటుంది కాబట్టి నీళ్లు లేకున్నా గాలి పీల్చగలదు. తిండీ కదలికా మానేసి నెలల తరబడి అలాగే ఉంటుంది.

అపోహ: ఎంతైనా ఎడారి జంతువే గట్టిది.

వాస్తవం: దీన్ని నేను ఒప్పుకోను. నత్త బతుకును దాదాపు ఆపేసి కరువు దాటుతుంది. ఒరిక్స్‌కు ఆ వీలు లేదు, రోజూ మేయాల్సిందే. ఎక్కడ వాన పడితే అక్కడికి నడిచి వెళ్లడమే దాని అసలు బలం. సౌదీ అరేబియాలోని మహాజత్ అస్-సైద్ అభయారణ్యం చుట్టూ కంచె ఉంది. వేటగాళ్ల నుంచి కాపాడిన ఆ కంచే కరువు ఏళ్లలో ఒరిక్స్‌లను బయటి పచ్చికకు వెళ్లనివ్వలేదు, లోపల చాలా చనిపోయాయి. నత్తకు బురద ఎలాగో ఒరిక్స్‌కు నడక అలాగ. చెరువు అడుగును సిమెంటుతో మూసేస్తే నత్తకూ దారి మూసుకుపోయినట్టే.

అపోహ: ఒరిక్స్‌లు కరువు వల్లే అంతరించాయి.

వాస్తవం: కాదు. వాహనాల్లో తరిమి తుపాకులతో కాల్చడం వల్ల 1972 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. జూల్లో పెంచినవాటిని 1982లో ఒమన్‌లో వదిలారు. అక్కడా మళ్లీ వేట మొదలైంది. ఒరిక్స్‌ల సంఖ్య పడిపోయింది, ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని కూడా బాగా కుదించింది. దాంతో 2007లో యునెస్కో ఒమన్‌లోని ఆ అభయారణ్యాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. ఒక స్థలాన్ని ఆ జాబితా నుంచి తొలగించడం అదే మొదటిసారి.