కావడి బద్ద

ప్రియమైన పిల్లలకు,

హనుమకొండ నుంచి నానమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నవాడు ఒక ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోపే చార్జింగ్ అయిపోయింది. నాది కాదు, వాడిదే. పొద్దస్తమానం ఆటలాడితే ఏమవుతుంది మరి? పోనీలే, ఇలాంటివి ఫోనులో చెప్పడం కన్నా తీరిగ్గా కూర్చుని రాయడమే నాకు హాయి.

వాడు అడిగింది ఇది. "ఆదివారం అందరికన్నా గంట ముందు వెళ్లి కుర్చీలు వేయమంటారు. ఆరాధన అయ్యాక చాపలు దులిపి చుట్టమంటారు. పాస్టరుగారేమో క్రీస్తులో మనకు విడుదల ఉందని చెబుతారు. ఇందులో విడుదల ఎక్కడుంది నానమ్మా?" పక్కనుంచి పెద్దది కిసుక్కున నవ్వింది గానీ, దానికీ అదే సందేహం ఉందని నాకు తెలుసు.

దీనికి వాక్యం కన్నా ముందు మా తాత సంగతి చెప్పాలి.

మా తాతది జనగామ దగ్గర ఊరు. నిజాం రోజులు. దొర గడికి, అంటే కోటలాంటి ఆయన ఇంటికి, వెట్టి చేయడం మా వాడకు పుట్టుకతో అంటిన పని. మీకు వెట్టి అంటే పాఠ్యపుస్తకంలో ఒక పేరా. మా తాతకు అది తెల్లవారుజామున భుజం మీదికి ఎక్కే కావడి. ఊరి బావి నుంచి గడి లోపలి గాబులు నిండేదాకా నీళ్లు మోయాలి. కూలి లేదు. జ్వరం వచ్చినా సెలవు లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాక ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ లేచాయి. మా ఊరి గడి తలుపులూ మూతపడ్డాయి. ఆ రోజు తాత కావడిని చూరులో దోపి, ఇక ఈ జన్మలో ఇంకొకరి ఇంటికి నీళ్లు మోయనని ఒట్టు పెట్టుకున్నాడట.

కొన్నేళ్లకు వాడలో ఒక ఇంట్లో మశూచి పడింది. భార్యాభర్తలిద్దరూ మంచం పట్టారు, ముగ్గురు పిల్లలు. ఆ గడప దరిదాపులకు ఎవరూ పోలేదు. అప్పటికి తాత బాప్తిస్మం తీసుకుని ఉన్నాడు. చూరులోంచి కావడి తీశాడు. మా నాన్నకు అప్పుడు పన్నెండేళ్లు, వద్దని కాళ్లకు చుట్టుకున్నాడట. తాత వినలేదు. రోజూ రెండు కుండల నీళ్లు ఆ ఇంటి ముందు దింపి, గంజి కాచి లోపల పెట్టి వచ్చేవాడు.

నాన్న ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఒక చోట ఆగేవాడు. గడికి మోసిన రోజుల్లో తాత అడుగు చప్పుడు కాకుండా వేసేవాడట, దొరకు నిద్ర చెడుతుందని. ఈ ఇంటికి మోసేటప్పుడు మాత్రం వాడంతా వినబడేలా కీర్తన పాడుతూ నడిచేవాడట. రాగం అస్సలు కుదరదు. అయినా పాడేవాడు.

నాకు తాత బాగా గుర్తు. ఎండాకాలం చొక్కా లేకుండా వేపచెట్టు కింద కూర్చుంటే, కుడి భుజం మీద నిమ్మకాయంత కాయ కనిపించేది. పైన చర్మం నున్నగా, నల్లగా మెరిసేది. వేలితో నొక్కితే లోపల గట్టిగా, కొంచెం పక్కకు జరిగేది. "తాతా, ఇది గడికి మోస్తే వచ్చిందా, ఆ రోగులకు మోస్తే వచ్చిందా?" అని అడిగాను. "కాయకు ఏమి తెలుసు బిడ్డా" అని నవ్వాడు.

ఇప్పుడు వాక్యానికి వద్దాం. బైబిలు నిర్గమకాండంలో మోషే, ఇశ్రాయేలీయులను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తు రాజు ఫరో దగ్గరికి వెళ్లి నా ప్రజలను పోనివ్వు అన్నాడని మీకు సండే స్కూల్లో చెప్పారు. ఆ మాట అక్కడితో అయిపోలేదు. నన్ను సేవించడానికి నా ప్రజలను పోనివ్వు అని దేవుడు చెప్పమన్నాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ ఇదే. పైగా హెబ్రీ భాషలో ఐగుప్తులో వాళ్లు చేసిన దాస్యానికీ, దేవునికి చేయబోయే సేవకూ ఒకే ధాతువు. ఇది తెలిసినప్పుడు నాకు తాత భుజం గుర్తొచ్చింది. ఇటుకలు చేసిన ఆ చేతులే తర్వాత అరణ్యంలో దేవుని ఆరాధనకు ప్రత్యక్షపు గుడారం నిలబెట్టాయి. పౌలూ అంతే. గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో మీరు స్వతంత్రులుగా ఉండడానికి పిలుపు అందుకున్నారని చెప్పి, వెంటనే ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండమంటాడు. చదువుకునే రోజుల్లో నాకు ఇది మెలికలా కనిపించేది.

దాసుడనే మాట మీకు ఇబ్బందిగా ఉంటే, అది యేసుకూ చివరిదాకా సరిపోలేదు. శిష్యుల పాదాలు కడిగిన ఆ రాత్రే, ఇక మిమ్మల్ని దాసులని పిలవను, స్నేహితులని పిలుస్తాను అన్నాడు. మన ప్రాంతంలో ఈ మాటను గట్టిగా పట్టుకున్నవారు బిషప్ అజరయ్య. తిరునెల్వేలి వైపు నుంచి డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద మాల మాదిగ పల్లెలన్నీ తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఎదురుగా కూర్చున్నవారిలో చాలామంది తెల్లదొరలే. ఎంత ధైర్యం కావాలో చూడండి! రెండేళ్లకు, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన కెథెడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించారు. గుడిలాంటి స్తంభాలు, మసీదులాంటి గుమ్మటాలు. ఈసారి మిమ్మల్ని తీసుకువెళతాను. వరంగల్‌లో రైలెక్కితే మహబూబాబాద్ దాటాక కాసేపటికి డోర్నకల్.

ఇంత చెబుతున్న నేను ఏమైనా గొప్పదాన్నా? వినండి. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక స్త్రీల సమాజంలో చేరాను. ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, వాడే చిన్న గాజు గ్లాసులు కడిగే పని నాది. ఒక్కో గ్లాసు అడుగున ద్రాక్షరసం చుక్క ఎండి అతుక్కుంటుంది. చూపుడువేలు లోపలికి పట్టదు, చిటికెన వేలికి గుడ్డ చుట్టి తుడవాలి. రెండేళ్లు చేశాను. ఒక క్రిస్మస్‌నాడు స్టేజీ మీద కృతజ్ఞతలు చెబుతూ షామియానా వేసిన మనిషి పేరు కూడా చదివారు, నా పేరు మరచిపోయారు. మూడు వారాలు నడుము నొప్పి అని ఇంట్లో కూర్చున్నాను. మీ తాతయ్య పేపరులోంచి తల ఎత్తకుండానే "ఏమిటి, ఈ నెల జీతం ఆగిందా?" అన్నారు. ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన అన్నది నిజం. ఎవరూ పెట్టని వెట్టిని నాకు నేనే పెట్టుకున్నాను. పొగిడితే పని, లేకపోతే అలక. నాలుగో వారం వెళ్లి మళ్లీ గ్లాసుల ముందు కూర్చున్నాను. ఆ జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను, పేర్లు చదివేటప్పుడు ఇప్పటికీ చెవి అటే పోతుంది.

ఇంకొక మాట, ఇది పెద్దది ముఖ్యంగా వినాలి. సేవ అనే పేరు పెట్టి వెట్టి చేయించేవారు ఎక్కడైనా ఉంటారు, సంఘంలో కూడా. చదువు మానుకుని రమ్మన్నా, ఇంట్లో చెప్పవద్దన్నా, రాకపోతే దేవుడు శిక్షిస్తాడని బెదిరించినా, అక్కడినుంచి లేచి వచ్చేయండి. అలా భయపెట్టి చేయించుకున్నది ఫరో. కాదనగలిగిన తాత ఒట్టు పక్కన పెట్టి తనంతట తాను కావడి ఎత్తాడు కాబట్టే నేను ఇంత దూరం రాశాను.

ఇక కుర్చీల సంగతి. చిన్నవాడా, వచ్చే ఆదివారం వేయాలో వద్దో నువ్వే చూసుకో. ఎందుకు వేయలేదని నేను అడగను. వేస్తే మాత్రం మెట్ల పక్కన రెండు కుర్చీలు వదులుగా వేయి, మోకాళ్ల నొప్పులవాళ్లు ఇరుకు వరుసలోకి దూరలేరు.

నిన్న మీ తాతయ్య అటక మీద నుంచి ఆ కావడి బద్దను దింపారు. ఒక చివర చెదలు పట్టింది గానీ, భుజం ఆనేచోట వెదురు ఇంకా అద్దంలా ఉంది. కిరోసిన్ రాసి వరండాలో ఎండబెట్టాను. దసరా సెలవులకు వచ్చినప్పుడు చూద్దురు.

మీ నానమ్మ